చీజమ్మకి వారం సెలవు

చీజమ్మ అసలు పేరు ఆవిడ మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే. పెళ్ళయిన కొత్తలో వంటింటి పక్క గదిలో పాలు విరగ్గొట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, తెల్లటి మెత్తటి చీజ్ చేయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచీ వీధి వీధంతా చీజమ్మ అనే పిలుస్తోంది. ఆవిడా పలుకుతోంది. పలక్క ఏం చేస్తుంది, పాపం.

ముందు ఆ చీజ్ సంగతి చెప్పాలి. వేలితో నొక్కితే పసిపిల్ల బుగ్గలా లోపలికి పోయి మళ్ళీ పైకొస్తుంది. కాస్త ఉప్పు, కాస్త పాల తీపి, అంతకుమించి అందులో ఏమీ ఉండదు. కానీ ఎంత రుచో అంత అల్పాయుష్షు. ఫ్రిజ్‌లో పెట్టినా మూడో రోజుకి మొహం ముడుచుకుంటుంది. నాలుగో రోజుకి జిగురు. ఆపైన గులాబీ రంగు మచ్చలు వేసుకుని కూర్చుంటుంది. అందుకని చీజమ్మ రోజూ చేయాల్సిందే. ఒళ్ళు వెచ్చబడ్డా చేయాలి, చుట్టాలొచ్చి హాల్లో కూర్చున్నా చేయాలి. కూతురు బడిలో నాటకం వేసిన సాయంత్రం చీజమ్మ గుడ్డలు పిండుతోంది. కూతురు మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళింది తండ్రే. పొయ్యి మీద పాలున్నాయి మరి.

ఆ కూతురికే ఇప్పుడు ఏడో నెల. అల్లుడి ఉద్యోగం దూరపు పట్నంలో, బస్సెక్కితే పగలంతా ప్రయాణం. డాక్టరు కదలొద్దన్నారు కాబట్టి కాన్పు అక్కడే. ఒకనాడు ఫోన్లో కూతురు నవ్వుతూనే అంది.

"నువ్వు రాలేవులే అమ్మా, నాకు తెలుసు. నీ చీజ్ నాకన్నా ముందు పుట్టిన బిడ్డ కదా."

కోపంగా అన్న మాటైతే తిరిగి ఓ మాట అనేసి ఊరుకోవచ్చు. నవ్వుతూ అన్న మాటకి ఏం జవాబు చెప్తాం? చీజమ్మ ఫోన్ పెట్టేసి, చీజ్ గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసుకుని, కొంగు చాలక వడగట్టే గుడ్డ అందుకుని మరీ ఏడ్చింది. ఆ రోజు చీజ్‌లో ఉప్పు కాస్త ఎక్కువైందని వీధిలో ఎవరో అన్నారట. అనరూ మరి.

మర్నాడు పొద్దున్నే మొగుడితో చెప్పింది. "నేను వెళ్తానండీ. అది నొప్పులు పడుతుంటే పక్కన నేనుండాలి. ఇంతవరకూ దాని ఏ అవసరానికీ నేను లేను. దీనికి కూడా లేకపోతే ఇంక నేనెందుకు?"

మొగుడు పాల వ్యాను నడుపుతాడు. మంచివాడు, ఎంత మంచివాడంటే ఆయనకి వేడినీళ్ళు గ్లాసులో పోసిచ్చినా తాగి బ్రహ్మాండం అంటాడు. "తప్పకుండా వెళ్ళు," అన్నాడు. "మరి చీజ్ ఎవరు చేస్తారు?"

చిక్కంతా అక్కడే ఉంది. ఒకసారి ఈయన చేశాడు. అది గోడకేసి కొడితే తిరిగొచ్చింది. ఒకసారి ఆడపడుచు చేసింది. అది గిన్నెలోంచి బయటికి రానే లేదు. పోనీ వారం రోజులు చీజ్ మానేద్దామా అంటే, వీధి చివర పెద్ద కొట్టులో అద్దాల ఫ్రిజ్ ఉంది. అందులో కళ్ళకి ఎదురుగా ఉండే అర చీజమ్మది. ఓ పెద్ద కంపెనీ వాళ్ళు ఎప్పటి నుంచో ఆ అర మీద కన్నేసి ఉన్నారు. కొట్టాయన ముక్కుసూటి మనిషి.

"మీరంటే నాకు గౌరవం అమ్మా. కానీ అర ఖాళీగా కనబడిందంటే వాళ్ళు డబ్బాలు సర్దేస్తారు. ఒకసారి సర్దాక తియ్యమనడం నా తరం కాదు," అన్నాడు. వారం నిలవ ఉంచే పొడేదో ఉందట, కలపమన్నాడు. చీజమ్మ వల్ల కాదంది. ఏమీ కలపదనే కదా జనం ఆవిడ చీజ్ కొనేది.

ఇక్కడ ఆడపడుచు గురించి చెప్పుకోవాలి. మొగుడికి చెల్లెలు. వెనక పెరట్లో రేకుల షెడ్డులో రాగి బాన పెట్టుకుని లవంగాలు, వాము, దాల్చినచెక్క ఆవిరి పట్టి నూనెలు తీస్తుంది. సబ్బులు చేసేవాళ్ళు, నొప్పుల మందులు చేసేవాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. ఆవిడ వీధి మలుపు తిరగకముందే ఆవిడ వాసన తిరుగుతుంది కాబట్టి ఘుమఘుమ అన్న పేరు దానంతటదే వచ్చింది. నోరూ అంతే, మనిషికన్నా ముందొస్తుంది.

"వదినా, నా షెడ్డులో లవంగ నూనె సీసా పక్కన రొట్టెముక్క మర్చిపోయాను," అంది ఘుమఘుమ. "మొన్న చూస్తే ఎండి చెక్కయింది గానీ బూజన్నది పట్టలేదు. నీ చీజ్‌లో ఓ చుక్క వేస్తే?"

"వేస్తే పంటినొప్పి వాళ్ళకి అమ్ముకోవాలి."

"తెలియనంత వేద్దాం. పొడి కాదు, మందు కాదు, నీ వంటింట్లో ఉండే లవంగమే కదా. అసలు నీకు నా మేనకోడలి దగ్గరికి వెళ్ళాలనుందా, లేదా?"

చీజమ్మ లేచి పాల గిన్నె పొయ్యి మీద పెట్టింది.

ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అనలేదు పెద్దలు. మొదటి రోజు విరిగిన పాలలో చుక్క వేస్తే ఆ చుక్క ఓ మూలకి పోయి కూర్చుంది. ఆ మూల తింటే నాలుక మండింది, తక్కిన మూడు మూలలూ మామూలుగానే కుళ్ళాయి. లవంగ నూనె నీళ్ళలో వేస్తే అడుక్కి పోతుంది. తోడుగా ఉంటుందని వేసిన వాము నూనె పైన తేలుతుంది. రెండూ ఎడమొహం పెడమొహం. చివరికి కాస్త మీగడలో రెండింటినీ వేసి చిలికి, ఆ మీగడని చీజ్‌లో కలిపితే దారికొచ్చాయి. అయితే మీగడ తక్కువదా? వేసిన నూనెలో సగం అదే మింగేసేది. చీజ్ దాకా వెళ్ళాలంటే ఇంకో చుక్క, ఆపైన ఇంకో చుక్క.

రోజూ పొద్దున్న ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని రుచి చూసేవాళ్ళు.

"వాసన వస్తోందా?" అని చీజమ్మ అడిగేది.

"ఎక్కడా? నాకేం తెలియట్లేదే," అనేది ఘుమఘుమ.

"బ్రహ్మాండం," అనేవాడు మొగుడు.

ఇంకో చుక్క పడేది.

అలా ఇల్లంతా సీసాలయింది. పెరట్లో బాన ఉడుకుతూనే ఉంది. దిండు గలీబులూ కిటికీ తెరలూ లవంగాలే, పొద్దున్న కాఫీ కూడా లవంగమే. కొన్నాళ్ళకి ఓ డబ్బా వారం దాటినా చెక్కు చెదరకుండా తెల్లగా మెరుస్తూ బయటికొచ్చింది. జిగురు లేదు, మచ్చ లేదు. చీజమ్మ ఆడపడుచుని కావలించుకుని, "నువ్వు నా పాలిట దేవతవే," అంది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ముగ్గురూ తిన్నారు, ముగ్గురికీ బాగుంది. బస్సు టికెట్టు కూడా తీసుకుందామనుకున్నారు.

మర్నాడు పొద్దున్న కొత్త చీజ్ కొట్టుకి వెళ్ళింది. సాయంత్రానికి కొట్టాయన స్వయంగా సంచీ పట్టుకుని ఇంటికొచ్చాడు. సంచీలో డబ్బాలన్నీ వెనక్కొచ్చినవే.

"ఒకావిడకి నాలుక మొద్దుబారిందట," అన్నాడు. "మా ఎదురింటి మాస్టారైతే, ఇది పన్ను పీకక ముందు తినాలా పీకాక తినాలా అని అడిగి వెళ్ళారు."

చీజమ్మ నిలువునా నీరైపోయింది. డబ్బా మూత తీసి వాసన చూసింది. మొగుడికిచ్చింది, ఆడపడుచుకిచ్చింది. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, "ఏమీ రావట్లేదే," అన్నారు.

కొట్టాయన ముక్కున వేలేసుకున్నాడు. "మీ గుమ్మంలో కాలు పెట్టగానే నాకు లవంగాల బస్తాలో దూరినట్టయింది. మీ ముగ్గురి ముక్కులూ ఎప్పుడో చచ్చిపోయాయి, మీకు తెలియట్లేదంతే," అన్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకొక్కసారి చూస్తానమ్మా. ఈసారి మాత్రం ముక్కున్న మనిషికి చూపించి తెండి."

వాసనల మీద బతికే మనిషిని పట్టుకుని నీకు ముక్కు లేదంటే ఎలా ఉంటుంది? ఘుమఘుమ ఆ పూటంతా షెడ్డులోంచి బయటికి రాలేదు. చీకటి పడే వేళకి వచ్చి వంటింటి గడప మీద కూలబడింది.

"నిజమే వదినా. ఇన్నేళ్ళుగా లవంగాల్లోనే పడి ఉన్నాను. నాకది గాలితో సమానం. మా అన్నయ్య సంగతి సరేసరి, ఆయనకి ముక్కూ నాలుకా పుట్టుకతోనే మంచివి."

"నేనేం తక్కువా? నేనూ తిన్నాను కదా," అంది చీజమ్మ. ఓదార్చిందే గానీ లోపల దిగులు. కాన్పు దగ్గర పడుతోంది. ముక్కున్న మనిషిని ఎక్కడినుంచి తేవడం? వీధిలో ఎవరినైనా అడిగితే మొహమాటానికి బాగుందనేస్తారు. నిజం చెప్పే ముక్కు కావాలి.

అంతలో కూతురు ఫోన్ చేసింది. ఎత్తగానే మొగుడి మీద ఫిర్యాదు.

"ఈయన సబ్బు మార్చుకోమంటే వినట్లేదమ్మా. వీధి చివర ఉండగానే నాకు వాసన తెలిసిపోతోంది, కడుపులో తిప్పేస్తోంది. పక్కింటివాళ్ళు కూరలో ఏం వేశారో కూడా ఇక్కడినుంచే చెప్పగలను. ఇదేం ముక్కో ఏం పాడో."

చీజమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఒసేయ్, నీ ముక్కు నాకు కావాలే," అంది.

సంగతంతా విన్నాక కూతురు విసుక్కుంది. "ఎందుకమ్మా ఈ తంటాలన్నీ? కొట్లో అర కోసమా?"

"నీ దగ్గరికి రావడానికే. చీజ్ వారం నిలవుంటే వారం నీ పక్కన ఉంటాను. ఇంకో దారి నాకు తెలియట్లేదు."

అవతల కూతురు ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "సరే, పంపించు."

మొగుడికి తెలిసిన బస్సు డ్రైవరొకాయన ఆ పట్నానికే నడుపుతాడు. ఐసు పెట్టెలో డబ్బాలు సర్ది ఆయనకిచ్చేవాళ్ళు, అల్లుడు అక్కడ దింపుకునేవాడు. నువ్వు తినొద్దు, వాసన చూసి అల్లుడికి పెట్టు, అని చీజమ్మ గట్టిగా చెప్పింది. ప్రతి పెట్టెలోనూ అసలు నూనే కలపని డబ్బా ఒకటి ఉండేది, పోల్చుకోవడానికి. పంపడం వీళ్ళ వంతు, తిట్టడం ఆ అమ్మాయి వంతు.

"పళ్ళ డాక్టరు గదిలో కూర్చున్నట్టుంది," అంది మొదటిసారి.

చుక్కలు తగ్గించారు.

"డాక్టరు ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది," అంది రెండోసారి.

ఇంకా తగ్గించారు. ఈసారి అమ్మాయికి నచ్చింది గానీ, ఇక్కడ ఉంచుకున్న జోడు డబ్బా నాలుగో రోజుకే జిగురొచ్చింది. వాసన పోతే నిలవ పోతుంది, నిలవుంటే వాసనుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో బాగుపడింది అల్లుడొక్కడే. పాపం ఆ అబ్బాయి అన్ని డబ్బాలూ తిని బెల్టుకి కొత్త బెజ్జం పొడిచాడు.

చీజమ్మ ఆశ వదిలేసుకునే స్థితికొచ్చింది. ఓ మధ్యాహ్నం గుడ్డలు ఆరేస్తుంటే కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, ఓ వింత చెప్పనా? నూనె కలపని డబ్బా ఒకటి ఫ్రిజ్ వెనకాల ఉండిపోయింది. వారం పైనే అయ్యుంటుంది, పారేద్దామని తీశాను. మూత తియ్యగానే లవంగం వాసన కొంచెం వచ్చింది, కాసేపటికి అదీ పోయింది. చీజ్ మాత్రం నిన్న చేసినట్టుంది. నువ్వు పొరపాటున నూనె కలిపావా?"

"కలపలేదే. ఆ డబ్బాలు నా చేత్తో నేనే నింపాను. మీ అత్త మూతలు పెట్టిందంతే."

అంటూనే వంటింట్లోకి చూసింది. ఘుమఘుమ బల్ల దగ్గర నిలబడి సీసాలు సర్దుతోంది. ఆవిడకో పాడు అలవాటుంది. వేలికి నూనె అంటితే పక్కన ఏది కనిపిస్తే దానికి తుడిచేస్తుంది. చీజమ్మ చూస్తుండగానే ఓ సీసాకి మూత బిగించి, రెండు వేళ్ళూ పక్కనున్న గుండ్రటి కాగితానికి తుడిచింది. డబ్బా మూత లోపల వేసే వెన్న కాగితం అది.

చీజమ్మ పరుగున పోయి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏంటొదినా, దొంగని పట్టుకున్నట్టు," అంది ఘుమఘుమ.

"నువ్వు దొంగవే. ఇన్నాళ్ళూ నా మూతల కాగితాలకి వేళ్ళు తుడుస్తున్నావా?"

"అలవాటొదినా. కొట్టకు."

"కొట్టడమా? అలాగే తుడు. అన్నిటికీ తుడు."

నూనె చీజ్‌లో కలవాల్సిన పనే లేదు. మూత కింద కాగితానికి కాస్త అంటితే చాలు, దాని ఆవిరే డబ్బాలో నిండి చీజ్‌ని కాపలా కాస్తుంది. మూత తీసి కాగితం పారేస్తే వాసన దాని దారిన అది పోతుంది. మళ్ళీ పెట్టె వెళ్ళింది. ఈసారి అన్నీ కాగితం డబ్బాలే. కూతురు వాటిని ఫ్రిజ్‌లో పెట్టి, రోజుకొకటి తీసి మరీ పరీక్ష చేసింది. చివరి డబ్బా రోజున ఫోన్ చేసింది.

"లవంగం లేదు, ఏమీ లేదు. పాల వాసనే," అంది. అంతలోనే, "నీ కొంగు వాసన వచ్చిందమ్మా. చిన్నప్పుడు నువ్వు పడుకోబెట్టేటప్పుడు వచ్చేది. వచ్చెయ్యి ఇంక," అంది.

కొట్టాయన డబ్బా తెరిచి ఓసారి వాసన చూశాడు, రెండోసారి చూశాడు, రుచి చూశాడు, అర వైపు చెయ్యి చూపించాడు. ఎందుకైనా మంచిదని ఎదురింటి మాస్టారికీ ఓ ముక్క పెట్టారు. ఆయన పళ్ళ ఊసెత్తకుండా డబ్బా కొనుక్కుపోయాడు. చీజమ్మ వారానికి సరిపడా చేసి ఫ్రిజ్ నింపి, మొగుడికి నూటొక్క జాగ్రత్తలు చెప్పి బస్సెక్కింది. ఆవిడ పెళ్ళయ్యాక చీజ్‌ని వదిలి ఇన్ని రోజులు కదలడం ఇదే మొదలు. బస్సులో కూర్చున్నా చేతులు ఊరికే ఉండలేక కొంగుని పిండుతూనే ఉన్నాయట.

అక్కడ వెళ్ళిన రోజు నుంచీ తల్లీ కూతుళ్ళు కబుర్లు, నవ్వులు. కూతురి జడ దువ్వింది, కాళ్ళు పట్టింది. నాటకం రోజున వేసుకున్న వేషం ఏమిటో ఇన్నేళ్ళకి అడిగి చెప్పించుకుంది. కుందేలట. చీజమ్మ కుందేలు గెంతు గెంతి చూపించమంటే, ఈ పొట్టతోనా అని కూతురు పడీ పడీ నవ్వింది. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. డాక్టరు చెప్పిన రోజు వచ్చింది, పోయింది. లోపలి వాళ్ళకి బయటికొచ్చే ఆలోచనే ఉన్నట్టు లేదు.

చీజ్‌కి గడువు పెట్టొచ్చు గానీ పసిపిల్లలకి పెట్టగలమా? చూస్తూ చూస్తూ వారం అయిపోయింది. సాయంత్రం మొగుడు ఫోన్ చేశాడు. ఆఖరి డబ్బాలు అరలోకి వెళ్ళిపోయాయి, ఎల్లుండికి ఏమీ ఉండవన్నాడు. పొద్దున్న బస్సుకి టికెట్టు ముందే తీసి ఉంది. ఆ బస్సెక్కితేనే ఎల్లుండి పొద్దున్న పొయ్యి మీద పాలు పెట్టగలదు.

చీజమ్మ టికెట్టు మడుస్తూ విప్పుతూ కూర్చుంది. కూతురు చూసింది. లేచి, నడుం పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి, తల్లి సంచీ తనే తెచ్చి పక్కన పెట్టింది.

"వెళ్ళమ్మా. నిజంగానే అంటున్నాను, కోపం లేదు. నా కోసం ఎంత చేశావో నాకు తెలుసు. అర పోతే మళ్ళీ రాదు."

కోపం లేని మాట, ఎత్తిపొడుపు లేని మాట. అందుకే చీజమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆవిడ సంచీ వైపు చూడలేదు. ఫోన్ తీసి కొట్టాయనకి చేసింది.

"బాబుగారూ, ఎల్లుండి నా చీజ్ రాదు. ఎప్పుడొస్తుందో కూడా చెప్పలేను, మా మనవడో మనవరాలో ఇంకా తేల్చుకోలేదు. అర వాళ్ళకిచ్చెయ్యండి."

"బాగా ఆలోచించుకున్నారా అమ్మా? తర్వాత నన్ననుకోవద్దు."

"ఆలోచించేదేముంది? నా కూతురి దగ్గరున్నాను."

కొట్టాయన కాసేపు గొణిగాడు. తర్వాత, "సరే, కళ్ళెదుటి అర వాళ్ళకి పోతుంది, నేనేం చెయ్యలేను. అట్టడుగు అర ఖాళీ చేసి ఉంచుతాను. జనం వంగి తీసుకుంటారు, నడుములకి మంచిదే. తాపీగా రండి," అన్నాడు.

చీజమ్మ ఫోన్ పక్కన పెట్టింది. ఇన్నేళ్ళ అర పోయింది. పోతే గుండె పగులుతుందనుకుంది గానీ, ఆ పూట ఆవిడకి చెప్పలేనంత ఆకలేసింది. అల్లుడు వడ్డిస్తే కడుపారా తింది. కూతురు పక్కన కూర్చుని, నువ్వు నిజంగానే ఉండిపోతున్నావా, అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఉంటున్నానని చెప్పింది.

నొప్పులు మర్నాడు పొద్దున్న మొదలయ్యాయి. సరిగ్గా చీజమ్మ ఎక్కాల్సిన బస్సు బయల్దేరే వేళ. ఆస్పత్రిలో నర్సు పక్కకి తప్పుకోమంటే చీజమ్మ తప్పుకోలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. కూతురికి కళ్ళు తెరిచే ఓపిక లేదు.

"అమ్మా," అని పిలిచింది. పిల్లలు నొప్పేస్తే ఎవరున్నారో చూడకుండా పిలుస్తారే, అలాగ.

"ఇక్కడే ఉన్నానే," అంది చీజమ్మ.